గచ్చు కింద పెరడు

కడియపులంక, వేమగిరి, బుర్రిలంక నర్సరీల నుంచి మొక్కల లారీలు దేశం నలుమూలలకూ వెళ్తుంటాయి. ఆ పక్కనే ఉన్న రాజమహేంద్రవరంలోనూ, ఇటు కాకినాడ, భీమవరం, అమలాపురంలోనూ మాత్రం కొత్త ఇళ్లకు గేటు మొదలుకొని వెనుక ప్రహరీ దాకా టైల్సో సిమెంటు గచ్చో పరచడం మామూలైపోయింది. నిబంధనల మేరకు ఖాళీ వదలందే ప్లాను మంజూరు కాదు కాబట్టి వదులుతున్నారు. వదిలిన చోట మట్టి కనపడకుండా జాగ్రత్తపడుతున్నారు. ఆ ఖాళీలో సగమైనా మట్టిగా మిగలాలనీ, అందులో నాటేది కంటికే కాక వంటింటికీ పనికిరావాలనీ మా అభిప్రాయం.

గచ్చు చేయించుకున్న వారిని తప్పుపట్టడం తేలికే. కానీ వానాకాలంలో పెరట్లో పామును చూసిన తల్లి మట్టి నేల వద్దంటే కాదనగలవారెవరు? పైగా వీధి రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి ఇల్లు పల్లమవుతుంది. ఆ భయంతో కొత్తగా కట్టేవారు నల్లని ఒండ్రు మట్టి మీద అడుగుల లెక్కన గ్రావెల్ పోయించి మెరక చేస్తున్నారు. ఆ గ్రావెల్‌లో నాటిన మొక్క రెండేళ్లయినా ఎదగక, ఈ నేలకు ఏమీ రాదన్న నిర్ణయానికి వచ్చి మిగిలినదీ గచ్చు చేయిస్తున్నారు. నాటేచోట గ్రావెల్ ఎత్తించి పొలం మట్టి, పశువుల ఎరువు నింపితే తీరే ఇబ్బంది ఇది. తోటమాలిని అడగవలసిన సంగతిని తాపీమేస్త్రీకి వదిలేయడమే చిక్కు.

గోదావరి డెల్టాలో పెరడు అలంకారం కోసం పుట్టలేదు, నీళ్ల దారిని బట్టి అమరింది. నూతి గట్టున అంట్లు తోమిన నీళ్లు పారే చోట అరటి, దాని చెమ్మలో చేమ, స్నానాలగది గోడ మీదుగా ఇంటి కప్పుకెక్కిన ఆనపపాదు, నీళ్లు నిలవని మెరక మీద నిమ్మ, కరివేపాకు. మునగ ఇంటికి దగ్గరగా ఉండరాదనడాన్ని కొందరు శకునంగా చెబుతారు గానీ, గాలికి పుటుక్కున విరిగే కొమ్మలనూ గోడలెక్కే గొంగళిపురుగులనూ చూసిన అనుభవం ఆ మాట వెనుక ఉంది. ప్రహరీ మీదుగా కరివేపాకు రెబ్బ ఇటు వచ్చేది, శ్రావణ శుక్రవారం తమలపాకులు అటు వెళ్లేవి.

ఇప్పుడు గోడ వెంట కోనోకార్పస్ అనే గుబురు చెట్లు, గేటు దగ్గర జంటగా విదేశీ పామ్ మొక్కలు నాటుతున్నారు. కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది. ఇక మనం పెంచుకునే చెట్లలోనూ జాగ్రత్త పడవలసినవి లేకపోలేదు. 2016లో దేశంలో తొలిసారి కనిపించిన రూగోస్ రకం సర్పిలాకార తెల్లదోమ కోనసీమ కొబ్బరిని పీడించడంతో ఆగక పట్టణాల పెరళ్లలోని జామ, అరటి మీదికీ వచ్చింది. జామాకును తిరగేస్తే తెల్లటి మైనపు పొడితో సుడులు తిరిగిన గీతలు కనిపిస్తాయి. అది కార్చే జిగురు కింది ఆకుల మీద పడి, దానిపై మసి రాసినట్టు నల్లని బూజు పడుతుంది. కంగారుపడి పురుగుమందు కొట్టిస్తే తెల్లదోమను తినే మిత్రపురుగులూ చస్తాయి. దీన్ని అదుపు చేసే ఇసారియా శిలీంద్రాన్ని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం పెంచి రైతులకు అందించింది. పట్టణ వాసులకూ వార్డు సచివాలయాల ద్వారా అది అందాలి. మునిసిపాలిటీ హద్దు తెల్లదోమకు తెలియదు. ఊళ్లో వదిలేసిన చెట్టు పక్క ఊరి తోటకు బెడద.

పురపాలక సంఘాలు ప్లాను నాడు చూసిన ఖాళీని ఇల్లు పూర్తయ్యాకా వెళ్లి చూడాలి. మట్టి వదిలినా వాన నీరు ఇంకదనేవారూ ఉన్నారు. నల్లమట్టి నీటిని గబగబా పీల్చదు, నీటిమట్టం పైకే ఉండే చోట్ల ఇంకుడు గుంత నిండి ఊరుకుంటుంది. ఈ అభ్యంతరాలు నిజమే. అయినా వాన నీరు గచ్చు మీద నుంచి జారినంత వేగంగా మొక్కలున్న మట్టి మీద నుంచి వీధి కాలువలోకి దూకదు.

చోటే లేక కుండీలతో సరిపెట్టుకునేవారు వాటి కింది పళ్లేలను వారానికొకసారైనా బోర్లించి ఆరబెట్టాలి, డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా ఎదగడానికి ఎనిమిది, పది రోజులు చాలు. ఇల్లు కట్టుకుంటున్నవారు మాత్రం టైల్స్ మేస్త్రీ రాకముందే వంటింటి నీళ్లు పోయే వైపు మూడడుగుల వెడల్పున నేల వదిలేయమని చెప్పాలి. వానలు మొదలవగానే అక్కడ ఒక అరటి పిలక, ఒక ఆనపపాదు పెట్టుకోవచ్చు.