గంటలు దొరుకుతాయి, ధ్యాసే దొరకదు

ఇల్లు నడుపుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్లకి అడిగినా అడక్కపోయినా అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: టైమ్‌టేబుల్ వేసుకో. పొద్దున చదువు, సాయంత్రం పిల్లలు, రాత్రి మళ్లీ చదువు, మధ్యలో ఓ అరగంట లోకం సంగతులు. కాగితం మీద అన్నీ ఇమిడిపోతాయి. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ కాగితం మూలన పడుతుంది. దానికి బద్ధకాన్ని తిట్టుకుని లాభం లేదు, అసలు కొరత ధ్యాసకి.

ఆఫీసు ఫైలు ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. థీసిస్‌లో అధ్యాయం అలా ముగిసేది కాదు. 'ఈ వాదన ఇంకా బలపడాలి' అని గైడ్ మార్జిన్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు, అది భోజనాల బల్ల దాకా వెంటపడుతుంది. ఎదురుగా కూతురు భిన్నాల లెక్క చూపించి 'కరెక్టేనా?' అంటుంది. 'ఊఁ' అంటాం. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేసిందన్న సంగతి కంటికి ఆనదు. టైమ్‌టేబుల్ ప్రకారం ఆ గంట కుటుంబానిదే. ఆ పిల్ల మాత్రం ఇంకో లెక్క అడగడం మానేస్తుంది.

ఈ పరిస్థితికి సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో 'అటెన్షన్ రెసిడ్యూ' అని పేరు పెట్టారు. సగంలో వదిలిన పని నుంచి ఇంకో పనికి మారితే, మనసులో కొంత పాత పని దగ్గరే చిక్కుకుని ఉంటుంది. 2018లో థెరెసా గ్లోంబ్ అనే మరో పరిశోధకురాలితో కలిసి ఆమె దీనికి ఒక విరుగుడునీ పరీక్షించారు. లేచేముందు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో రాసిపెట్టుకుంటే ఆ పీకులాట తగ్గుతుందని తేలింది. 'మూడో పేరా. అభ్యంతరానికి జవాబు. పాత ఇంటర్వ్యూ నోట్స్ చూడాలి.' ఇంత చాలు. పెద్ద పెద్ద ప్లానర్ల కన్నా ఈ మూడు ముక్కలే నయమని నా అభిప్రాయం.

ఇక లోకం సంగతి. వార్తారంగం మీద పరిశోధన చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల్లో, అప్పుడప్పుడో తరచుగానో వార్తల్ని కావాలనే తప్పించుకుంటున్నామన్నవాళ్లు 2017లో 29 శాతం, 2024లో 39 శాతం. థీసిస్ ఒత్తిడిలో ఉన్నవాళ్లు అలా తలుపులు మూసేసుకుంటే తప్పుపట్టలేం. ఐదు నిమిషాలకోసారి ఫోన్ తీసేవాళ్లకి వాళ్లకన్నా ఎక్కువ తెలుసా అంటే, నాకైతే అనుమానమే. పెద్ద సంఘటన జరిగిన తొలి గంటలో వచ్చే అంకెలు సాయంత్రానికి మారిపోతాయి. సాయంత్రం ఒక్క మంచి కథనం తీరిగ్గా చదివినవాళ్లకి విషయం దక్కుతుంది, పొద్దంతా వేలాడినవాళ్లకి టెన్షన్ దక్కుతుంది. చదివింది ఇంట్లో మాట్లాడుకుంటే ఇంకా మంచిది. 'యుద్ధం ఎందుకు చేస్తున్నారు?' అని పిల్లలు అడిగితే, పరిభాష లేకుండా చెప్పడం ఏ వైవాకీ తీసిపోని పరీక్ష.

అయితే అంతా విద్యార్థి నెత్తినే రుద్దడం అన్యాయం. 2019లో నేచర్ పత్రిక చేసిన సర్వేలో 6 వేల మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులు పాల్గొంటే, చదువు తెచ్చిన ఆందోళనకో కుంగుబాటుకో సాయం కోరామన్నవాళ్లు 36 శాతం. ఇంతమందికీ టైమ్‌టేబుల్ వేసుకోవడం చేతకాలేదని ఎలా అంటాం?

నిబంధనలు కొంత మారాయి. యూజీసీ 2022 నియమాల ప్రకారం మహిళలకి గడువు మీద రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతి లేదా శిశు సంరక్షణకి 240 రోజుల సెలవు ఉన్నాయి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ కూడా, పీహెచ్‌డీ అయ్యాక ఇన్నేళ్లలోపే అడగాలన్న తన గ్రాంటులకి ఆ అర్హత కాలాన్ని తల్లులకి బిడ్డకి 18 నెలల చొప్పున పెంచుతుంది, తండ్రులకైతే నిజంగా తీసుకున్న సెలవు మేరకే లెక్క. మంచివే. కానీ గడువు పెరిగినంత మాత్రాన ఫెలోషిప్ డబ్బు దానంతటదే పెరగదు. మంచాన పడ్డ తండ్రిని చూసుకునే కొడుక్కి ఆ 240 రోజులు వర్తించవు.

పైసా ఖర్చు లేకుండా గైడ్లు చేయగలిగిన పని ఒకటుంది. రాత్రి తాము పంపే మెయిల్‌కి మర్నాడు పని వేళల్లో జవాబిస్తే చాలని మొదటి సమావేశంలోనే నోటితో చెప్పడం. చెప్పకపోతే, పదకొండింటికి ఫోన్ మోగగానే లేచి కూర్చునేవాళ్లే ఎక్కువ.