సవరణ: పానగల్లు నీడ గ్రాఫిక్స్ కాదు

మన నల్గొండ పిల్లగాళ్లు తీసిన షార్ట్ ఫిలిం గురించి మొన్న రాసిన గదా, అందులో రెండు తప్పులు పడ్డయి.

తండ్రి పోయినంక ఊరికొచ్చిన మనిషి గుళ్లో కూసుంటడు. పొద్దు నడినెత్తికొచ్చినా లింగం వెనక నీడ కదలదు. 'గ్రాఫిక్స్, అతికించినట్టుంది' అని రాసిన. కెమెరా పట్టిన తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నల్గొండోనివే గదా, పానగల్లు ఎన్నడూ పోలేదా?" అన్నడు. సిగ్గయింది.

ఫిలింల చూపిన గుడి నల్గొండ పక్కనున్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోడుల కాలపు గుడి, మూడు గర్భగుళ్లు. ఒకదాంట్ల పగలంతా స్తంభం లాంటి నీడ నిలబడే ఉంటది. ఎండ నేరుగా పడక, స్తంభాల మధ్యనుంచి వెలుతురు చెదిరి లోపలికొస్తది గనక పొద్దు తిరిగినా నీడ తిరగదు. ఆదివారం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి పోయి చూసిన. సున్నం గీత గీసినట్టు అక్కడే ఉంది.

రెండోది ఇంకా పెద్ద తప్పు. అతనికి తండ్రి గొంతు వినబడుడును 'స్కిజోఫ్రీనియా, అంటే ఒక మనిషిలో ఇద్దరు' అన్న. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు వేరు, ఒక మనిషిలో ఇద్దరున్నట్టుండుడు వేరు. పైగా, పోయినోళ్ల గొంతు వినబడినట్టుండుడు దుఃఖంలో చాలామందికి ఉండేదే, జబ్బే కానక్కర్లేదు. ఫిలింలో జబ్బు పేరే లేదు, నేనే అంటగట్టిన.

ఆ రెండు ముక్కలు కొట్టేసిన. ఫిలిం చివర సాగదీసిండ్రని అప్పుడు రాసిన మాట మాత్రం అట్లనే ఉంచుతున్న.