సర్కారు మనిషేనంట!

భారత ప్రభుత్వం మనిషేనా అన్న అనుమానం నల్గొండ జిల్లాలో ఏదో ఒక కౌంటర్ ముందు నిలబడ్డ ప్రతివాడికీ వచ్చే ఉంటుంది. దాన్ని తీర్చింది మాత్రం అమెరికా సుప్రీంకోర్టు. 1978 జనవరి 11న అయిదుగురు జడ్జీలు మనిషే అన్నారు, ముగ్గురు కాదన్నారు. తొమ్మిదో ఆయన ఈ కేసు జోలికి రాలేదు. ఆయనకు మన ఆఫీసులతో పరిచయం ఉందేమోనని నా అనుమానం.

ఫైజర్, మరికొన్ని మందుల కంపెనీలు కుమ్మక్కై యాంటీబయాటిక్‌లను ఎక్కువ ధరకు అంటగట్టాయని భారత్, ఇరాన్, ఫిలిప్పీన్స్ అక్కడ దావా వేశాయి. ఇలా మోసపోయిన 'వ్యక్తి'కి నష్టం మూడింతలు కట్టివ్వాలని అక్కడి చట్టం. పరాయి సర్కారు అసలు వ్యక్తే కాదు పొమ్మన్నాయి కంపెనీలు. తమాషా ఏమిటంటే, 1941లో టైర్ల కేసులో ఇదే కోర్టు అమెరికా ప్రభుత్వాన్నే వ్యక్తి కాదంది. ఇంటాయన మనిషి కాదు, చుట్టం మనిషి!

ఆ మందుల్లో టెట్రాసైక్లిన్ ఒకటి. మా దిక్కు గొట్టం గోలీ విప్పి, పొడిని దెబ్బ మీద చల్లేవాళ్లు. చిన్నపిల్లలు మింగితే పళ్లు పచ్చబడతాయంటారు డాక్టర్లు. మర్రిగూడ పిల్లలకు అంత ఖర్చు అక్కర్లేకపోయింది, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆ పని ఉచితంగా చేసిపెట్టింది.

మనిషితనం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1982లో అమెరికా చట్టం మార్చి, పరాయి సర్కార్లకు చాలావరకు మూడింతలు లేదు, పోయినంతే ఇస్తామంది. అంటే మనిషే, కాకపోతే మూడోవంతు.

మొన్న మా పెద్దనాయనను పెన్షన్ కోసం ఒక ఆఫీసుకు తీసుకుపోయాను. బతికే ఉన్నట్టు వేలిముద్ర వేయాలి. నలభై ఏళ్లు నాగలి పట్టిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. బొటనవేలు పెట్టాడు, చూపుడువేలు పెట్టాడు, లుంగీకి తుడిచి మళ్లీ పెట్టాడు. మిషన్ ఎర్రలైటు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

"పడుతలేదు తాతా, వచ్చే వారం రా," అన్నాడు కౌంటర్ అబ్బాయి తల ఎత్తకుండా.

బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఊరట కోసం ఈ కేసంతా చెప్పాను. "మన సర్కారు మనిషేనని అమెరికా కోర్టే ఒప్పుకుంది పెద్దనాయనా."

ఆయన తన బొటనవేలు ఒకసారి చూసుకుని అడిగాడు.

"దానికి వేలిముద్ర పడ్డదా బిడ్డా?"