400 అడుగుల లోపు ఆకాశం ఖాళీయేనా?

శ్రీకాకుళం జిల్లాలో పెళ్ళి వీడియోలు తీసేవారి మధ్య, పొలాల్లో మందు పిచికారీకి డ్రోన్లు తిప్పేవారి మధ్య ఒక వాట్సాప్ సందేశం తెగ తిరుగుతోంది. ‘400 అడుగుల లోపు ఎవరి అనుమతీ అక్కరలేదు. చిన్న డ్రోనుకు నిబంధనలు లేవు. జీపీఎస్ ఉంది కనుక ఎన్ని ఎగిరినా ఒకదానికొకటి తగలవు’ అని దాని సారాంశం.

మొదటి మాట సగం నిజం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ఆంక్షలు లేని ప్రాంతంలో, 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. మీ ఊరు ఆ జోన్‌లో ఉందో లేదో చెప్పేది మాత్రం ప్రభుత్వ వెబ్‌సైటులోని డిజిటల్ స్కై పటం. విమానాలు నడుస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. 5–8 కిలోమీటర్ల మధ్యనైతే నేల వదిలితేనే అనుమతి కావాలి. భోగాపురం కొత్త విమానాశ్రయం చుట్టుపక్కల వారు నిన్నటి పటం చూసి ఈరోజు డ్రోన్ లేపకూడదు.

రెండోది శుద్ధ తప్పు. 250 గ్రాములు దాటిన డ్రోనుకు నమోదు సంఖ్య ఉండాలి. రెండు కిలోల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అడగరు. పెళ్ళికి డబ్బు తీసుకుని ఎగరేస్తే అది సరదా కాదు. (పెళ్ళివారికి సరదాయే, అది వేరే సంగతి.)

మూడోదే నన్ను కలవరపెట్టింది. జీపీఎస్ డ్రోనుకు తానెక్కడుందో చెబుతుంది, పక్కది ఎక్కడుందో చెప్పదు. పైగా చాలా డ్రోన్లు ఎత్తును తాము లేచిన చోటు నుంచి లెక్కిస్తాయి. శాలిహుండం కొండ మీద నుంచి ఒకరు, కింద వంశధార ఒడ్డు పొలంలో నుంచి మరొకరు లేపారనుకోండి. తెరల మీద అంకెలు వేరు కనుక భయం లేదనుకుంటారు. గాలిలో ఆ రెండూ ఒకే ఎత్తున ఎదురుపడవచ్చు.

అందుకే 2021 అక్టోబరులో కేంద్రం డ్రోన్ల ట్రాఫిక్ నిర్వహణకు విధాన పత్రం తెచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఏ దారిన, ఎంత ఎత్తున వెళ్తారో ముందే చెప్పుకోవడం, ఎగిరేటప్పుడు ఉన్న చోటు పంచుకోవడం దాని పద్ధతి. కాలువ నీటికి వంతులు వేసుకునే రైతుకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

తిత్లీ లాంటి తుపాను తరువాత హెలికాప్టర్ కిందుగా వస్తే తప్పుకోవలసింది డ్రోనే, నియమం అదే. తేలినీలాపురానికి వలస వచ్చే పెలికాన్ పక్షులకు ఏ పటమూ తెలియదు. అక్కడ ఎవరు తప్పుకోవాలో సందేశం పంపినవారే చెప్పాలి.