సీరియల్ చప్పుడు గారికి, పాలమూరు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ చప్పుడు గారికి,

మహబూబ్‌నగర్ నుంచి ఒక కోడలు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు క్షేమమని రోజూ సాయంత్రం ఆరున్నర మొదలు రాత్రి పది దాకా మా గోడలకు కూడా తెలుస్తూనే ఉంది.

తమరికి పేరంటూ ఎవరూ పెట్టలేదు. టైటిళ్ళలో నేపథ్య సంగీతం అని పడుతుంది గానీ, అంత మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. పళ్ళెం జారినా, తలుపు తెరుచుకున్నా, కోడలు కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయినా ధడేల్, ధడేల్, ధడేల్ అని ముమ్మారు మోగేది తమరే. ఎవరైనా చనిపోయినప్పుడు కూడా అంతే మోగుతారు. చక్కెరకూ చావుకూ తేడా చూపని ఆ సమదృష్టి మునులకు కూడా అబ్బదు.

తమరు చేసిన మేలు చిన్నది కాదు. మా అత్తమ్మ గోరుచిక్కుడు కాయలు తుంచుతూ సీరియల్ చూస్తుంది. కాయ తల తుంచి, తోక తుంచి, నార లాగి, రెండు ముక్కలు చేసి గిన్నెలో వేస్తుంది. కళ్ళు కాయ మీద, చెవులు తమరి మీద. తమరు మోగితే తల ఎత్తుతుంది. అదీ నింపాదిగానే, ఎందుకంటే తమరు మోగాక ఇంటిల్లిపాది ముఖాలూ ఒక్కొక్కటి మూడేసి సార్లు చూపిస్తారు, వంటమనిషితో సహా. మొన్న మంగళవారం నిశ్చితార్థం పళ్ళెం పెళ్ళికూతురి చేతిలోంచి జారింది. ఫోనులో గడియారం పెట్టి లెక్కగట్టాను. సబ్బు ప్రకటనలు కలుపుకుని, అది నేలకు చేరడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. ఆలోపు పావుకిలో కాయలు అయిపోయాయి. మరునాడు నిన్నటి కథ చెబుతూ దాన్ని మళ్ళీ జార్చారు.

తెర వైపు చూడకుండానే కథ మొత్తం తెలిసిపోయే ఏర్పాటు ఇది. వెనకటికి దీన్ని రేడియో అనేవాళ్ళం.

తప్పు తమరి ఒక్కరిదే అని నేను అనను. 2015 నుంచి మన దేశంలో టీవీ రేటింగులు, అంటే ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారన్న లెక్కలు, చెబుతున్నది బార్క్ అనే సంస్థ. వేలాది ఇళ్ళలో వాళ్ళ మీటర్లు ఉంటాయి. ఛానళ్ళు తమ శబ్దంలో కలిపి పంపే, మన చెవికి అందని ఒక గుర్తును ఆ మీటరు పట్టుకుంటుంది. గదిలో ఎవరెవరు ఉన్నారో ఆ ఇంటివాళ్ళు మీట నొక్కి చెప్పాలి. అంటే ఆ మీటరు కూడా మా అత్తమ్మ లాంటిదే, చెవులతోనే చూస్తుంది. కళ్ళు తెర మీద ఉన్నాయా, కాయ మీద ఉన్నాయా అన్నది దాని లెక్కలోకి రాదు. గురువారం గురువారం వచ్చే ఆ అంకెలను బట్టి పై వారం కథ మలుపు తిరుగుతుంది. కళ్ళ అవసరమే లేని ఈ వ్యాపారంలో తమరు మోగకపోతే ఇంకెవరు మోగుతారు!

ఇదంతా చెబితే మా మామయ్య నవ్వుతాడు. ఆయన చూసిన మొదటి టీవీకి తమరి పరిచయం లేదు. 1975 ఆగస్టులో అమెరికావాళ్ళు ఏడాది కోసం ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకు నేరుగా బొమ్మ వేశారు. ఆ జాబితాలో మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్ళూ ఉన్నాయి. కోళ్ళ గూటికి కట్టే తీగవలతో చేసిన పెద్ద గొడుగు, దాని కింద బడి, బడిలో ఒకే ఒక్క పెట్టె, దాని ముందు ఊరంతా. చూపించింది వ్యవసాయమూ, ఆరోగ్యమూ, పిల్లల పాఠాలూ. మామయ్యకు అప్పుడు పదేళ్ళు. ఒక కార్యక్రమంలో దుక్కి దున్నుతున్న ఎద్దుకు ఎడమ కొమ్ము కొన విరిగి ఉందట. ఎందుకు విరిగింది, కుమ్ములాటలోనా, కట్టుకొయ్యకు తగిలా అని రచ్చకట్ట మీద వారం రోజులు వాదించుకున్నారట. "ఆ ఎద్దును ఇప్పుడు సంతలో చూపించినా గుర్తుపడతాను" అంటాడు. నిన్న రాత్రి సీరియల్లో ఏం జరిగింది మామయ్యా అని అడిగితే మాత్రం, "ఏదో మోగింది" అన్నాడు.

అందుకని, తమరు ఏమీ అనుకోకపోతే, నాకొక కోరిక పుట్టింది. కళ్ళు పెట్టి చూస్తే ఆ కష్టానికి కూలి గిట్టే సీరియల్ ఒక్కటైనా చూడాలని. వెతుకులాట గురించి ఎక్కువ చెప్పను. ఓటీటీ తెరిస్తే చిన్న చిన్న డబ్బాల్లో వందల బొమ్మలు, ఏ బొమ్మ మీద వేలు ఆగినా తమరి మేనల్లుడెవరో మోగడం. అన్నం చల్లారిపోయేది, ఎంపిక తేలేది కాదు.

చివరికి పెద్దలు మెచ్చిన అమెరికా సీరియల్ 'ది వైర్' పెట్టాను. 2002 నుంచి 2008 దాకా అయిదు సీజన్లు, 60 భాగాలు. బాల్టిమోర్ ఊళ్ళో మత్తుమందు గల్లీతో మొదలుపెట్టి రేవు, నగర రాజకీయం, బడి, పత్రికాఫీసు, సీజనుకొకటి చొప్పున తలుపు తీస్తారు. అందులో తమరు లేరు. సీజన్ చివర వచ్చే ఒక పాట వంటివి వదిలేస్తే, కారు రేడియోలోనో దుకాణంలోనో మోగుతున్నదే మనకూ వినబడుతుంది. మూడు భాగాలు చూసి, ఏమీ జరగడం లేదని ఆవులించాను. మూడో భాగంలో ఒకడు ఇద్దరు కుర్రాళ్ళకు చదరంగం నేర్పుతాడు. రాజు అంటే మన పెద్దన్న, బంటులంటే మనలాంటి వాళ్ళు, బంటులు తొందరగా పోతారు అని చెబుతాడు. ఆ సమయంలో నేను ఫోనులో ఉల్లిగడ్డ ధర చూస్తున్నాను. ఆ ముగ్గురి గతీ అక్కడే చెప్పేశారని నాకు తెలిసేసరికి సీజన్లు గడిచిపోయాయి. వెనక్కి వెళ్ళి ఆ సన్నివేశం మళ్ళీ చూసుకుని సిగ్గుపడ్డాను. ఎవరూ మోగి చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను, కుదరలేదు. అత్తమ్మను ఎగతాళి చేసిన నోరు ఇదే మరి.

అసలు అత్తమ్మ చూపు గురించి తమరికి తెలియదు. ఆమె పుట్టిల్లు గద్వాల. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒడలికి ఒక నాడె (మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ నడిపేది), రెండు అంచులకు రెండు నాడెలు. నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి పట్టుకునే చోటే పనితనమంతా ఉంటుంది. దుకాణంలో అబ్బాయి చీరను బుజం మీద వేసుకుని జరీ మెరిపిస్తుంటే, ఈమె అటు చూడదు. చీర తిరగేసి, ఆ అతుకు వెంబడి బొటనవేలు నెమ్మదిగా జరుపుతూ పోతుంది. వేలు ఒకచోట ఆగుతుంది. "ఇక్కడ పోగు తప్పింది" అంటుంది. ఆ అబ్బాయి దీపం వెలుగుకు పట్టి చూస్తే తప్ప అతనికి కనబడదు. ఇలాంటి కళ్ళను తమరు పదేళ్ళుగా గోరుచిక్కుడు కాయలకు అప్పగించారు.

కిందటి నెల 'డార్క్' అనే సీరియల్ పెట్టాను. 2017 నుంచి 2020 దాకా మూడు సీజన్లు, 26 భాగాలు. ఇది జర్మన్ కథ కాబట్టి చెవులతో చూసే వీలు లేదు. తెర కింద పడే అక్షరాలు నేను తెలుగులో చెబుతుంటే అత్తమ్మ తెర చూడక తప్పలేదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అందులో తమరి దూరపు చుట్టం ఒకరున్నారు, గుహలో గాలిలా ఒకటే రొద. కానీ ఎప్పుడు తల ఎత్తాలో ఆయన చెప్పడు. (పక్కనుంచి ఈ ఉత్తరం చదివేవాళ్ళలో ఆ కథ చూడనివాళ్ళుంటే కాసేపు కళ్ళు మూసుకోండి.) అందులో ఎలిజబెత్ అని ఒక చిన్నపిల్ల. ఆ పిల్లకు చెవులు వినబడవు, చేతులతో మాట్లాడుతుంది. తమరు ఎంత మోగినా ఆ పిల్లకు లెక్కలేదు. ఒక అపరిచితుడు ఆ పిల్ల చేతికి పాత జేబు గడియారం ఇస్తాడు. నేను పట్టించుకోలేదు. అత్తమ్మ మాత్రం, "ఊరికే ఎవడిస్తాడు బిడ్డా? వాడు ఆ ఇంటివాడే అయి ఉంటాడు" అంది.

వరస బయటపడిన రోజున నా తల తిరిగింది. కాలం ముందుకూ వెనక్కూ మెలిపడి, ఆ పిల్ల తన తల్లికే తల్లి. నేను కాగితం మీద వంశవృక్షం గీస్తూ మూడుసార్లు చించేశాను. మేనరికాలూ, ఎదురు మేనరికాలూ, ఒకే పెళ్ళిలో అటు ఆడపడుచూ ఇటు వదినా అయిన అనుభవమున్న మనిషి కదా, అత్తమ్మ తడుముకోలేదు. "అయితే ఆ పిల్ల తండ్రికి కన్నకూతురే అత్తగారు. పండక్కి చీర ఎవరు ఎవరికి పెట్టాలి?" అంది.

సరిగ్గా అప్పుడే ధడేల్‌కు బదులు ఉస్స్ అని వంటింట్లోంచి మోగింది. ఒకటి, రెండు, మూడు. ముమ్మారు మోగింది కాబట్టి తమరేమో అనుకున్నాం. ఎవరమూ లేవలేదు. మరి కాసేపటికి మాడు వాసన వచ్చింది. కందిపప్పు అడుగంటి, కుక్కర్ అడుగు కొలిమిలా నల్లబడింది. అదృష్టం, పొద్దుటి పచ్చిపులుసూ జొన్నరొట్టెలూ ఉన్నాయి.

తింటున్నంతసేపూ అత్తమ్మ పప్పు ఊసు ఎత్తలేదు. రొట్టె తుంచి పులుసులో ముంచి, నోటి దాకా తెచ్చి ఆపింది. "గడియారం ఇచ్చినవాడి ముఖం మళ్ళీ ఒకసారి చూపించు" అంది.

ఇట్లు,
కుక్కర్ అడుగు గీకుతూ,
పాలమూరు కోడలు