పిల్లల చందా, పెద్దల పూచీ

సుడాన్‌లో ఆకలితో చనిపోతున్న పిల్లల కోసం బడిలో చందా డబ్బా పెడతామని మన పిల్లలు అడిగితే, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పెద్దల నోట ముందు వచ్చేది ఒకటే మాట: ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కనిగిరి, మార్కాపురం వైపు జనం పనుల కోసం మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కుతుంటే ఆఫ్రికా గొడవ మనకెందుకు అంటారు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. అయినా సరే, ఆ డబ్బా పెట్టనివ్వాలనే మేమంటాం. పెట్టే తీరు మీదే మా పట్టింపు.

ఇక్కడి ఆకలికి అడిగే చోటుంది. రేషన్ దుకాణం ఉంది, అంగన్‌వాడీ ఉంది, 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిలో వండిన అన్నం పిల్లల హక్కయింది. గుడ్డు ఎగ్గొడితే తల్లిదండ్రులు నిలదీస్తారు, పత్రికలు రాస్తాయి, కలెక్టరేటు ముందు ధర్నా జరుగుతుంది. ఈ పనులు చందాతో కాదు, ఓటుతో, నోటితో సాధించుకోవాల్సినవి. సుడాన్‌లో తుపాకుల మధ్య చిక్కిన తల్లికి అడిగే చోటే లేదు.

సుడాన్ అంటే ఎండి బీటలువారిన నేల అని మన పిల్లలు అనుకుంటున్నారేమో, ముందు ఆ భ్రమ పోగొట్టాలి. నీలి నైలు మీద 1925లో పూర్తయిన సెన్నార్ ఆనకట్ట కింద గెజీరా ఆయకట్టు సుమారు 20 లక్షల ఎకరాలు. పెన్నా డెల్టా రైతు ఆ లెక్క వింటే నోరు తెరుస్తాడు. వేరుశనగ పండించడంలోనూ ఆ దేశానిది ముందువరసే. ఆకలి వానలు లేక రాలేదు. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైన యుద్ధం ఆ డిసెంబరుకల్లా గెజీరా పొలాల్లోకి పాకింది. 2024 ఆగస్టులో జమ్‌జమ్ నిరాశ్రయుల శిబిరంలో కరువు నెలకొందని అంతర్జాతీయ నిపుణులు నిర్ధారించారు. ఆ మాట వాళ్లు ఊరికే వాడరు. అయిదింట ఒక ఇంటికి తిండి దాదాపు లేకుండా పోవాలి, నూటికి 30 మంది పిల్లలు చిక్కి శల్యమవ్వాలి, రోజుకు పదివేల మందిలో ఇద్దరు చావాలి. అప్పుడే దాన్ని కరువంటారు.

ఆ శిబిరం పక్కనున్న అల్ ఫాషిర్ నగరం ఏడాదిన్నర ముట్టడిలో నలిగి 2025 అక్టోబరులో కూలింది. ముట్టడి రోజుల్లో అక్కడి జనం ‘అంబాజ్’ తిని ప్రాణం నిలుపుకున్నారు. అంబాజ్ అంటే వేరుశనగ గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి. మన ఇళ్లలో గేదెలకు నానబెట్టి పెట్టే శనగచెక్క. అది కూడా దొరకని రోజులొచ్చాయి.

చిక్కిపోయిన బిడ్డను బతికించేదీ ఆ శనక్కాయే. వేరుశనగ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన 92 గ్రాముల పొట్లంలో 500 కేలరీలుంటాయి. నీళ్లు కలపక్కర్లేదు, పొయ్యి వెలిగించక్కర్లేదు. మూల చింపి బిడ్డ నోట్లో పిండితే చాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల చికిత్సకు సుమారు 150 పొట్లాల పెట్టె ఒకటి కావాలి. మన లెక్కలో దాదాపు నాలుగు వేల రూపాయలు. బడిలో చిక్కీ తినే పిల్లకు ఈ లెక్క అర్థమైనంత తేలిగ్గా ఐక్యరాజ్యసమితి తీర్మానం అర్థం కాదు.

ఇచ్చేవాళ్లమే కాదు, పుచ్చుకున్నవాళ్లం కూడా. 1876-78 నాటి ధాత కరువు బాగా దెబ్బతీసిన జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కరువు పనుల్లో మగవాళ్లకు రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని ధాన్యం, పైన ఒక అణా కూలి చాలని బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపిన బకింగ్‌హామ్ కాలువ ముక్కను తవ్వింది ఆ కరువు కూలీలే. లండన్ మేయర్ అప్పుడు మన కోసం చందాలు పోగుచేశాడు. అదే సమయంలో ఈ దేశపు గోధుమలు ఓడలకెక్కి ఇంగ్లండుకు పోయాయి. దానం, దోపిడీ ఒకే రేవులో ఎదురుపడ్డాయన్న మాట. చందా ఇచ్చిన ఇంగ్లిషువాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో! ఆ తర్వాత, స్వతంత్రం వచ్చాక, మన బళ్లలో ‘కేర్’ ఉప్మా తిని, అమెరికా పాలపొడి కలిపిన పాలు తాగి చదువుకున్నవాళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా తాతలుగా, అవ్వలుగా ఉన్నారు. వాళ్లను బడికి పిలిపించి మాట్లాడిస్తే ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

ఇక మా అభ్యంతరాలు. తలకు ఇంత అని కోటా పెట్టి, పది చీటీల పుస్తకం చేతికిచ్చి, ఎక్కువ తెచ్చినవాడికి బహుమతి ప్రకటించే పద్ధతి కొన్ని బళ్లకు అలవాటు. అందులో గెలిచేది పిల్లాడు కాదు, వాళ్ల నాన్న చెక్కు పుస్తకం. చీమకుర్తి క్వారీలో రాయి కొట్టే తండ్రి కూతురు ఆ చీటీలు పట్టుకుని ఎవరి గడప తొక్కాలి? ఇవ్వలేని బిడ్డ తలదించుకునే పద్ధతి అయితే ఆ చందా అసలు వద్దు. డబ్బాకు మూత ఉండాలి, ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదు. ప్రార్థన వేళ అందరి ముందు విప్పి, పిల్లల చేతే లెక్కపెట్టించి, మొత్తం నల్లబల్ల మీద రాయాలి. వీధుల్లో, కూడళ్లలో పిల్లలను నిలబెట్టి అడిగించడం, ఫ్లెక్సీలు కొట్టించి నాయకుడి చేతుల మీదుగా చెక్కు ఫొటో దిగడం పూర్తిగా మానాలి. ఫ్లెక్సీ ఖర్చుతో ఇంకొన్ని పొట్లాలు వస్తాయి.

డబ్బు పంపే దారి కూడా పెద్దలే చూడాలి. బియ్యం మూటలు, పాత బట్టలు సముద్రం దాటించే ఆలోచన వద్దు, రవాణా ఖర్చే తినేస్తుంది. ఇక్కడి ధర్మసంస్థ తన ఆదాయాన్ని విదేశాల్లో ఖర్చుపెట్టి పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి కావాలి. అందుకే ఏ సంస్థకైనా ఇచ్చేముందు ఈ సొమ్ము ఏ దేశంలో, దేనికి ఖర్చవుతుందని రాతపూర్వకంగా అడగాలి. కలెక్టర్ అధ్యక్షతన నడిచే రెడ్ క్రాస్ జిల్లా శాఖను ముందు సంప్రదించడం మేలు.

పిల్లలకు నిజం దాచకూడదు. 2025లో తమ నిధులు అంతకు ముందటేటి కంటే 40 శాతం తగ్గుతాయని ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కవేసింది. బడి డబ్బాలతో ఆ గండి పూడదు. పూడ్చాల్సింది ప్రభుత్వాలు, ఆపాల్సింది యుద్ధం. మన విదేశాంగ మంత్రికి ఉత్తరం రాస్తామని పదో తరగతి పిల్లలు అంటే, రాజకీయాలు మనకొద్దని ఉపాధ్యాయులు నోరు మూయించకూడదు.

రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు ఒక్క పేజీ ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది: కోటాలు వద్దు, బహుమతులు వద్దు, డబ్బా తాళం ఒకటి ప్రధానోపాధ్యాయుడి దగ్గర, ఒకటి తల్లిదండ్రుల కమిటీ దగ్గర, సొమ్ము జమచేసిన రసీదు నెలలోపు నోటీసు బోర్డు మీద.