నెలనెలా ఇద్దాం, కొంచెమైనా సరే

యుద్ధాల్లో చిక్కుకున్న పిల్లలకు సాయం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. యుద్ధం వార్త వచ్చిన వారం విరాళాలు వెల్లువెత్తుతాయి, నెల తిరిగేసరికి ఆగిపోతాయి అని అందులో రాశారు. నూటికి నూరుపాళ్లు నిజం. పిల్లల ఆకలి మాత్రం వార్తలతో పాటు ఆగదు కదా!

తిండి లేక ఎంత చిక్కిపోయారో తెలియడానికి ఐదేళ్లలోపు పిల్లల జబ్బకు రంగుల టేపు చుట్టి చూస్తారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఎరుపు, అంటే ప్రాణాపాయం. నా బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూసుకున్నాను. ఆ చెయ్యి అందులో వదులుగా పట్టేస్తుంది. కడుపు తరుక్కుపోయింది.

అలాంటి బిడ్డకు వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపిన 92 గ్రాముల ప్యాకెట్లు ఇస్తారు. ఒక్కోదాంట్లో 500 క్యాలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, తల్లే ఇంట్లో తినిపించవచ్చు. కానీ వారాల తరబడి రోజూ అందాలి. మధ్యలో సరఫరా ఆగితే కోలుకుంటున్న బిడ్డ మళ్లీ మొదటికొస్తుంది.

1946లో యుద్ధబాధిత పిల్లల కోసం పుట్టిన ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ కూడా ఇప్పటికీ నడిచేది స్వచ్ఛంద విరాళాలతోనే. దయచేసి పాత బట్టల మూటలు పంపకండి, వాటిని ఏరి చేరవేయడానికే బోలెడు ఖర్చు. డబ్బే ఇవ్వండి, "ఎక్కడ అవసరమైతే అక్కడ వాడండి" అని చెప్పి మరీ ఇవ్వండి. కెమెరాలు వెళ్లని చోట కూడా పిల్లలున్నారు.